వుజూ పోతే తప్పు లేదు, దాచితేనే తప్పు

అసర్ అజాన్‌కు ఇంకా అరగంట సమయం ఉంటుంది. తల్లి గోడ పక్కన కూర్చొని, ఒళ్ళో చాట పెట్టుకొని బీడీలు చుడుతూ ఉంటుంది. చాటలో తునికాకు, తంబాకు, దారపు ఉండ, కత్తెర. బడి నుండి వచ్చిన కూతురు ఎదురుగా కూర్చొని దీనియాత్ పాఠం అప్పజెబుతూ ఉంటుంది. నిజామాబాద్ పట్టణంలోనూ, బోధన్, ఆర్మూర్ వైపు పల్లెల్లోనూ ఎన్నో ముస్లిం గృహాల్లో ఇది రోజూ కనిపించే దృశ్యమే. ఆ రోజు పాఠం వుజూను భంగపరిచే విషయాల గురించి అనుకుందాం. పిల్ల అన్నీ వరుసగా చెప్పేసి, ఉన్నట్టుండి ఆగి అడుగుతుంది:

“అమ్మీ! అబద్ధం చెబితే వుజూ పోదట. గాలి పోతే మాత్రం పోతుందట. మరి రెండింటిలో ఏది పెద్ద తప్పు?”

“అట్లా అడగకూడదు బేటీ! పుస్తకంలో ఉన్నది చదువుకో” అని తల్లి మాట దాటవేస్తుంది.

నిజానికి ఇది అడగకూడని ప్రశ్న ఏమీ కాదు. చాలా మంచి ప్రశ్న. దీనికి జవాబు తెలియకపోతే మనం వుజూ నియమాలను కంఠస్థం చేస్తామే గాని, వుజూ మనకు ఏం నేర్పుతుందో తెలుసుకోలేము. కాబట్టి ముందు ఆ నియమాలను క్లుప్తంగా చూసి, తర్వాత ఆ పిల్ల ప్రశ్న దగ్గరకు వద్దాం.

వుజూను భంగపరిచేవి

నమాజు కోసం లేచినప్పుడు ముఖాన్ని, మోచేతుల వరకు చేతులను కడుక్కోవాలనీ, తలను తడిచేతితో తుడుచుకోవాలనీ (మసహ్), చీలమండల వరకు కాళ్ళు కడుక్కోవాలనీ అల్లాహ్ దివ్య ఖుర్ఆన్‌లోని అల్ మాయిదా సూరా 6వ ఆయతులో ఆదేశించాడు. నీరు దొరకని పరిస్థితిలో తయమ్ముమ్ చేసుకొమ్మన్నాడు. ఆ ఆయతు చివర ఆయన తన దాసులను ఇబ్బంది పెట్టదలచలేదని, వారిని పరిశుద్ధపరచదలచాడని తెలియజేశాడు. ఈ మాటను గుర్తుంచుకోవాలి. ఎందుకంటే ఈ వ్యాసంలో ముందు ముందు చెప్పబోయేదంతా దీని మీదే ఆధారపడి ఉంది.

వుజూ లేనివాని నమాజును, అతను వుజూ చేసుకునేవరకు అల్లాహ్ స్వీకరించడని దైవప్రవక్త (స) తెలియజేశారు. ఈ హదీసును హజ్రత్ అబూ హురైరా (రజి) వినిపించినప్పుడు, హజ్రమౌత్ నుండి వచ్చిన ఒక వ్యక్తి వుజూను పోగొట్టే ఆ స్థితి ఏమిటని అడిగాడు. శబ్దంతోనైనా, శబ్దం లేకుండానైనా వెలువడే అపానవాయువు అని ఆయన ఏ మొహమాటమూ లేకుండా సూటిగా చెప్పారు. ఇది బుఖారీలో ఉంది.

మలమూత్రాలు, అపానవాయువు వెలువడటం వల్ల, ఒళ్ళు తెలియని గాఢనిద్ర వల్ల, స్పృహ కోల్పోవడం వల్ల, మత్తు వల్ల వుజూ పోతుంది. ఇంతవరకు ధర్మవేత్తల మధ్య పెద్దగా భేదం లేదు. మన దక్కన్ ప్రాంతపు ముస్లిములలో అత్యధికులు హనఫీలు. హనఫీ మస్లక్ ప్రకారం శరీరంలో ఎక్కడి నుండైనా రక్తం గాని, చీము గాని వెలువడి, ఆ చోటు దాటి పారితే వుజూ పోతుంది. నోటినిండా వాంతి అయినా పోతుంది. రుకూ సజ్దాలున్న నమాజులో పెద్దగా నవ్వితే నమాజుతో పాటు వుజూ కూడా పోతుంది.

ఇక భంగపరచనివి చూద్దాం. అన్నం తిన్నా, బిడ్డకు పాలిచ్చినా, చంటిబిడ్డ మలమూత్రాలు శుభ్రం చేసినా వుజూ పోదు. మాలిన్యం అంటిన చోటు కడుక్కుంటే చాలు. గోళ్ళు తీసుకున్నా, బట్టలు మార్చుకున్నా, తలమీది కొంగు జారినా, కన్నీరు కార్చినా పోదు. మోకాలు బయటపడితే వుజూ పోతుందని మన ఇళ్ళలో కొందరు పెద్దలు చెబుతుంటారు. అది సరికాదు. పసుపు కొమ్ములు ఏరి వచ్చిన చేతికి రంగు అంటి ఉంటే దానివల్ల వుజూకు ఆటంకం లేదు. ఎందుకంటే రంగు నీటిని ఆపదు. గోళ్ళరంగు మాత్రం నీటిని చర్మానికి చేరనివ్వదు. దాన్ని తొలగించకుండా చేసిన వుజూ పూర్తికాదు. అక్కడ వుజూ భంగం కావడం కాదు, అసలు ఏర్పడనే లేదన్నమాట.

మన జిల్లాలో ఎదురయ్యే సందర్భాలు

నిజాం సాగర్ ప్రాజెక్టు 1931లో పూర్తయ్యాక మంజీరా నీరు ఈ పొలాలకు వచ్చింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపితమైంది. చెరకు ఈ ప్రాంతపు బతుకుతెరువు అయింది. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. పనులు మారాయి, మనుషులు ఊళ్ళు మారారు. కాని పని ఏదైనా, శ్రమించేవాని శరీరానికి గాయాలూ అలసటా తప్పవు. వుజూ గురించిన సందేహాలు కూడా అక్కడి నుండే పుడతాయి.

చెరకు నరికేవాని చేతులను ఆకు అంచులు చీరుతాయి. చర్మం మీద ఎర్రని గీత కనిపిస్తుంది, కాని రక్తం పారదు. హనఫీ మస్లక్ ప్రకారం అతని వుజూ పోలేదు. బీడీలు చుట్టే తల్లి వేలికి కత్తెర తగిలి, రక్తం బొట్టు బొట్టుగా వేలి మీదుగా జారింది. ఆమె వుజూ పోయింది. ఆస్పత్రిలో పరీక్ష కోసం సిరంజితో రక్తం తీయించుకున్నా అంతే. రక్తం రాకుండా ఇంజెక్షన్ మాత్రమే ఇస్తే పోదు.

బోధన్‌లో జుహర్ నమాజు చేసుకొని నిజామాబాద్ బస్సెక్కినవాడు కునుకు తీశాడు. అసర్‌కు మళ్ళీ వుజూ చేయాలా? ఆసనం మీద కుదురుగా కూర్చొని కునికినంత మాత్రాన వుజూ పోదు. ఇషా నమాజు కోసం ఎదురుచూస్తూ సహాబాలు కూర్చున్నచోటే తలలు వాల్చి కునికేవారనీ, తర్వాత మళ్ళీ వుజూ చేయకుండానే నమాజు చేసేవారనీ హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. సీటులో ఒక పక్కకు ఒరిగి, ఒళ్ళు మరచి నిద్రపోతే మాత్రం వుజూ చేసుకోవాలి.

షుగర్ వ్యాధి ఉన్న పెద్దాయనకు మూత్రం బొట్లు బొట్లుగా వస్తూ ఉంటుంది. ఇక మసీదు ముఖం ఎలా చూడటమని ఆయన ఇంట్లోనే కుమిలిపోతుంటాడు. ఇలాంటివారి కోసం ధర్మం ముందే దారి చూపించింది. ఆగని రక్తస్రావంతో బాధపడుతున్న ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) దైవప్రవక్త (స) వద్దకు వచ్చి తన పరిస్థితిని చెప్పుకున్నారు. ఆమె నమాజు మానవలసిన పనిలేదనీ, ప్రతి నమాజుకూ వుజూ చేసుకోవాలనీ ఆయన తెలియజేశారు. దీని ఆధారంగా హనఫీ పండితులు మాజూర్ నియమం చెప్పారు. ఒక నమాజు వేళ మొత్తంలో వుజూ చేసి ఫర్జ్ నమాజు పూర్తి చేసుకునేంత వ్యవధి కూడా దొరకనంతగా ఆ బాధ ఉన్నవాడు మాజూర్. అతను ప్రతి నమాజు వేళకూ కొత్తగా వుజూ చేసుకుంటే చాలు. ఆ వేళ ముగిసేవరకు ఆ జబ్బు వల్ల వుజూ పోదు, వేరే కారణం వల్ల అయితేనే పోతుంది.

ఇమాముల మధ్య అభిప్రాయభేదాలు

మన జిల్లా నుండి వేలాది మంది సౌదీ, దుబాయి, ఖతర్ వెళ్ళి పనిచేసి వస్తున్నారు. తిరిగి వచ్చిన తమ్ముడు, “ఒంటె మాంసం తింటే వుజూ చేసుకోవాలి భాయ్, అక్కడ అందరూ చేస్తారు” అంటాడు. “ఆ మాట మేమెప్పుడూ వినలేదు” అంటాడు ఊళ్ళోని అన్న. ఇద్దరూ అబద్ధమాడటం లేదు. ఒంటె మాంసం తిన్నాక వుజూ చేసుకోవాలని తెలిపే హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మ) దాన్ని అనుసరించారు. మిగతా ముగ్గురు ఇమాములు వేరే ఆధారాల వల్ల దాన్ని తప్పనిసరిగా భావించలేదు.

అలాగే రక్తం పారితే వుజూ పోతుందని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయం. పోదని ఇమామ్ మాలిక్, ఇమామ్ షాఫయీ (రహ్మ)ల అభిప్రాయం. ఒక యుద్ధయాత్రలో కాపలా కాస్తూ నమాజు చేస్తున్న అన్సారీ సహాబీకి బాణాలు తగిలి రక్తం కారుతున్నా నమాజు ఆపలేదన్న అబూ దావూద్‌లోని ఉల్లేఖనం వారి ఆధారాల్లో ఒకటి. భార్యను నేరుగా తాకితే వుజూ పోతుందని ఇమామ్ షాఫయీ (రహ్మ) అంటారు. దైవప్రవక్త (స) రాత్రి నమాజులో సజ్దా చేసేటప్పుడు, ఎదురుగా పడుకొని ఉన్న హజ్రత్ ఆయిషా (రజి) కాళ్ళు ముడుచుకునేందుకు ఆమెను తాకేవారన్న హదీసును చూపి హనఫీలు పోదంటారు.

ఈ భేదాలు గొడవపడటానికి కావు. ప్రతి ఇమామూ సత్యాన్వేషణలోనే ఆ నిర్ణయానికి వచ్చారు. అయితే ఇక్కడ మనం జారిపడే చోటు ఒకటుంది. ఒకతని చేతికి గాయమై రక్తం పారింది. “ఇమామ్ షాఫయీ మాట ప్రకారం నా వుజూ ఉంది” అన్నాడు. తర్వాత భార్య చేయి తగిలింది. “ఇమామ్ అబూ హనీఫా మాట ప్రకారం నా వుజూ ఉంది” అన్నాడు. నిజానికి అతని వుజూ ఇద్దరి దృష్టిలోనూ లేదు! అతను అనుసరించింది ఇమాములను కాదు, తన బద్ధకాన్ని. లేచి వుజూ చేసుకుంటే రెండు నిమిషాల పని. దాన్ని తప్పించుకోవడానికి ఇద్దరు మహానుభావుల పేర్లను వాడుకున్నాడు. ఇక్కడ లోపించింది జ్ఞానం కాదు, నిజాయితీ. మన అసలు విషయం కూడా అదే.

అబద్ధంతో వుజూ ఎందుకు పోదు?

ఇప్పుడు ఆ పిల్ల ప్రశ్న దగ్గరకు వద్దాం. అబద్ధం ఘోరమైన పాపం. పరోక్షనింద ఎంత ఘోరమైనదంటే, దాన్ని చనిపోయిన సోదరుని మాంసం తినడంతో ఖుర్ఆన్ పోల్చింది. అయినా వీటివల్ల వుజూ పోయినట్లు ధర్మశాస్త్రం చెప్పలేదు. వీటి తర్వాత కొత్తగా వుజూ చేసుకోవడం మంచిదని మాత్రం పండితులు అన్నారు. మరి ఏ పాపమూ కాని అపానవాయువుతో వుజూ పోవడమేమిటి?

జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. వుజూ పోవడం శిక్ష కాదు. అది తప్పుకు గుర్తు కాదు. మనిషి తింటాడు, తాగుతాడు, అలసిపోతాడు, నిద్రపోతాడు, జబ్బుపడతాడు. ఇవన్నీ దాసుని లక్షణాలు. నిద్రగాని, కునుకుగాని లేనివాడు అల్లాహ్ ఒక్కడే. తన ప్రభువు ముందు నిలబడే ప్రతిసారీ తాను ఇలాంటి బలహీన ప్రాణినని దాసుడు గుర్తుచేసుకోవాలి. శరీరానికి సంబంధించిన ఈ స్థితికి శరీరం మీద పోసుకునే నీరే పరిష్కారం. అందుకే అది అంత సులభంగా తొలగిపోతుంది.

అబద్ధం సంగతి అలా కాదు. అబద్ధంతో వుజూ పోయేటట్లయితే, వుజూతో అబద్ధం కూడా పోవాలి కదా! అప్పుడు బజారులో తూకంలో మోసం చేసినవాడు మసీదు నల్లా దగ్గర చేతులు కడుక్కొని, లెక్క సరిపోయిందని నిశ్చింతగా ఉండేవాడు. ఇస్లాం అలాంటి సౌలభ్యం ఇవ్వలేదు. అబద్ధం చెప్పినవాడు పశ్చాత్తాపపడాలి, నిజం చెప్పాలి. ఒకరి సొమ్ము తీసుకున్నవాడు తిరిగి ఇవ్వాలి. ఒకరిని నొప్పించినవాడు క్షమాపణ అడగాలి. ఇవన్నీ నాలుగు చుక్కల నీటితో అయ్యే పనులు కావు.

వుజూ చేసేటప్పుడు కంటితో, చేతితో, కాలితో చేసిన పాపాలు నీటితో పాటు రాలిపోతాయని తెలిపే హదీసు సహీహ్ ముస్లింలో ఉన్న మాట నిజమే. అది మనకు గొప్ప శుభవార్త. అయితే ఇక్కడ ఉద్దేశ్యం చిన్న పాపాలనీ, ఘోరపాపాలకు తౌబా అవసరమనీ, తోటి మనుషుల హక్కులు తీర్చవలసిందేననీ పండితులు వివరించారు.

కాబట్టి ఆ తల్లి తన బిడ్డకు ఇలా చెప్పవచ్చు: “గాలి పోవడం తప్పే కాదు బేటీ, అందుకే నీళ్ళతో సరిపోతుంది. అబద్ధం తప్పు, అందుకే దానికి నీళ్ళు సరిపోవు.”

పాపం కానిది పాపంగా మారే క్షణం

ఈ రెండూ కలిసే చోటు ఒకటుంది. అక్కడే మన పరీక్ష.

జుమా రోజు. మసీదు నిండిపోయింది. మీరు మూడో పంక్తిలో ఉన్నారు. వెనుక ఇంకా పది పంక్తులు. జమాఅత్ నిలబడింది. ఇంతలో మీ వుజూ పోయింది. సందేహం కాదు, మీకు స్పష్టంగా తెలుసు. ఎవరికీ వినబడలేదు, ఎవరికీ తెలియదు. బయటికి వెళ్ళాలంటే అందరి మధ్య నుండి వెళ్ళాలి. పక్కన మీ బావమరిది ఉన్నాడు, వెనుక మీ కూతురి మామగారు ఉన్నారు. మీరు ఏం చేస్తారు?

ఆ క్షణం వరకు మీరు ఏ తప్పూ చేయలేదు. కాని సిగ్గుపడి అక్కడే నిలబడి, రుకూ సజ్దాలు చేస్తూ పోతే, పాపం కానిది పాపంగా మారిపోతుంది. తెలిసి తెలిసి వుజూ లేకుండా నమాజు చేయడం హరామ్ అన్న విషయంలో ధర్మవేత్తలందరూ ఏకాభిప్రాయంతో ఉన్నారు. ఆలోచించి చూడండి. ఆ నమాజు ఎవరి కోసం? అల్లాహ్ కోసమైతే, ఆయనకు మీ వుజూ లేదని తెలుసు. బావమరిది కోసమైతే, అది నమాజే కాదు. రెండు రకాతుల నాటకం.

ఈ సందర్భంలో మన ప్రవక్త (స) ఆదర్శం చూడండి. ఒకసారి నమాజుకు ఇఖామత్ అయింది, పంక్తులు సరిచేయబడ్డాయి. దైవప్రవక్త (స) వచ్చి తన స్థానంలో నిలబడ్డారు. అప్పుడు తనకు స్నానం విధి అయి ఉందని ఆయనకు గుర్తుకొచ్చింది. ఆయన ప్రజలను ఉన్నచోటే ఉండమని చెప్పి ఇంట్లోకి వెళ్ళి, స్నానం చేసి, తలనుండి నీళ్ళు కారుతుండగా తిరిగి వచ్చి నమాజు చేయించారు. బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాల్లోనూ ఈ హదీసు ఉంది. సృష్టిలో శ్రేష్ఠులైన మహనీయులు, తన అనుచరులందరి ముందు, ఏ దాపరికం లేకుండా వెనక్కి తిరిగారు. మరి మన పరువు ఆయన పరువు కన్నా గొప్పదా?

అయితే ఇస్లాం మనిషి సిగ్గును కూడా చిన్నచూపు చూడలేదు. నమాజులో ఎవరి వుజూ అయినా పోతే, తన ముక్కు పట్టుకొని పంక్తి నుండి బయటికి వెళ్ళమని దైవప్రవక్త (స) ఉపదేశించినట్లు హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం అబూ దావూద్‌లో ఉంది. చూసేవారు ముక్కునుండి రక్తం వచ్చిందేమో అనుకుంటారు. ఇది అబద్ధమూ కాదు, కపటమూ కాదు, లజ్జను కాపాడుకునే మర్యాద మాత్రమేనని ఇమామ్ ఖత్తాబీ (రహ్మ) వివరించారు. ఎంత కరుణామయమైన బోధన! మనిషి ఆత్మగౌరవం నిలవాలి, ప్రభువు పట్ల నిజాయితీ కూడా నిలవాలి. రెండింటికీ చోటిచ్చే దారి ఇది. మాట ఆడకుండా వెళ్ళి, వుజూ చేసుకొని వచ్చి, ఆపిన చోటి నుండి కొన్ని షరతులతో నమాజు కొనసాగించవచ్చని హనఫీ పండితులు అన్నారు. మొదటి నుండి చేసుకోవడం మరింత మేలన్నారు. జుమా జమాఅత్ దొరకకపోతే జుహర్ నమాజు చేసుకోవచ్చు.

నమాజు చేయించే ఇమామ్ బాధ్యత ఇంకా పెద్దది. ఆయన వుజూ పోతే వెనుక ఉన్నవారిలో ఒకరిని ముందుకు నిలిపి తాను తప్పుకోవచ్చు. దాచిపెట్టి కొనసాగిస్తే, హనఫీ మస్లక్ ప్రకారం వెనుక ఉన్నవారందరి నమాజూ చెల్లదు.

చూసేవారికి కూడా ఒక బాధ్యత ఉంది

లేచి వెళ్ళేవాడు సిగ్గుపడటానికి సగం కారణం మనమే. వెళ్తున్నవానిని తలతిప్పి చూస్తాం. సలామ్ తర్వాత, “ఏం భాయ్, మధ్యలో వెళ్ళిపోయావ్?” అని నలుగురిలో అడుగుతాం. ఇంట్లో పిల్లలు ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటే పెద్దలమూ కలిసి నవ్వుతాం. అపానవాయువు విని నవ్వడాన్ని దైవప్రవక్త (స) వారించారు. తానూ చేసే పనిని చూసి మనిషి ఎందుకు నవ్వాలని ప్రశ్నించారు. ఈ హదీసు బుఖారీలోనూ, ముస్లింలోనూ ఉంది.

హజ్రత్ ఉమర్ (రజి) గురించిన ఒక ఉల్లేఖనం చూడండి. ఆయన కొందరితో కలిసి కూర్చొని ఉండగా ఎవరి నుండో వాయువు వెలువడింది. అది ఎవరైతే వారు లేచి వుజూ చేసుకోవాలని ఉమర్ (రజి) అన్నారు. అప్పుడు హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లా (రజి), మనమందరం కలిసి వుజూ చేసుకుందామని సూచించారు. ఉమర్ (రజి) ఎంతో సంతోషించి ఆయన వివేకాన్ని మెచ్చుకున్నారు. అందరూ లేచారు. ఒకరి నమాజు కాపాడబడింది, ఒకరి పరువు కూడా కాపాడబడింది. మన మసీదులకు, మన ఇళ్ళకు ఇలాంటి జరీర్‌లు కావాలి.

అడగడానికి సిగ్గుపడటం కూడా దాచడం లాంటిదే. హజ్రత్ అలీ (రజి)కి ఇలాంటి ఒక సమస్య వచ్చింది. దైవప్రవక్త (స) స్వయంగా తన మామగారు కావడంతో అడగలేకపోయారు. అయితే ఆ విషయాన్ని వదిలేయలేదు. హజ్రత్ మిఖ్దాద్ (రజి) ద్వారా అడిగించి తెలుసుకున్నారు. ధర్మజ్ఞానం పొందటానికి సిగ్గు అడ్డురాని అన్సారీ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) ప్రశంసించారు. కనుక మన అమ్మాయిలు అడిగితే “ఛీ, ఊరుకో” అనకూడదు. మనకు తెలియకపోతే తెలిసినవారిని అడిగి చెప్పాలి.

లేనిది ఊహించుకోవడం కూడా నిజాయితీ కాదు

ఇంతవరకు చదివి కొందరు మరో అంచుకు వెళ్ళే ప్రమాదం ఉంది. ప్రతి నమాజులోనూ “పోయిందేమో, పోయిందేమో” అనుకుంటూ నాలుగైదుసార్లు వుజూ చేసేవారు మనలో ఉన్నారు. వాళ్ళు దీన్ని తఖ్వా అనుకుంటారు. నమాజులో ఏదో జరిగినట్లు అనిపించే వ్యక్తి గురించి దైవప్రవక్త (స)కు విన్నవించినప్పుడు, శబ్దం వినేవరకో, వాసన వచ్చేవరకో అతను నమాజు వదలకూడదని ఆయన చెప్పారు. అంటే నిశ్చయంగా తెలిసేవరకు అని అర్థం.

దీని నుండే పండితులు ఒక గొప్ప సూత్రాన్ని గ్రహించారు. నిశ్చయం సందేహంతో తొలగిపోదు. వుజూ చేసిన సంగతి ఖాయంగా తెలిసి, పోయిందో లేదో సందేహమైతే వుజూ ఉన్నట్లే. పోయిన సంగతి ఖాయంగా తెలిసి, మళ్ళీ చేశానో లేదో సందేహమైతే వుజూ లేనట్లే. 19వ శతాబ్దంలో ఉస్మానియా ప్రభుత్వం రూపొందించిన మజల్లా అనే న్యాయస్మృతిలో కూడా ఈ సూత్రానికి ప్రారంభంలోనే చోటు దక్కింది. అంటే వుజూ దగ్గర నేర్చుకున్న పాఠం న్యాయస్థానం దాకా వెళ్ళిందన్నమాట. పొరుగువాడు మంచివాడని మనకు తెలుసు. ఎవరో ఒక పుకారు చెప్పారు. పుకారుతో మనకు తెలిసిన మంచి తొలగిపోకూడదు. తన వుజూ విషయంలో ఈ న్యాయం పాటించేవాడు తోటివాని విషయంలోనూ పాటించాలి.

పైగా ఈ దుష్ప్రేరణలో నీరు వృథా అవుతుంది. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ చేసుకునేవారు. మన లెక్కలో అది లీటరుకు మించదు. నిజాం సాగర్ నిండుగా ఉన్నా సరే, వేసవిలో నల్లాలు ఎండినా సరే, ఈ సున్నత్ మారదు.

కాబట్టి నిజాయితీకి రెండు ముఖాలున్నాయి. తెలిసినదాన్ని దాచకపోవడం ఒకటి. తెలియనిదాన్ని కల్పించుకోకపోవడం మరొకటి. దాచేవాడు మనుషులకు భయపడుతున్నాడు. కల్పించుకునేవాడు షైతాను మాట వింటున్నాడు. ఇద్దరూ, దాసులను ఇబ్బంది పెట్టదలచని ప్రభువును మరచిపోతున్నారు.

ముగింపు

వుజూను విశ్వాసి మాత్రమే కాపాడుకుంటాడని దైవప్రవక్త (స) తెలియజేసినట్లు ఇబ్నె మాజాలో ఉంది. ఎందుకు విశ్వాసి మాత్రమే? నమాజు అందరికీ కనిపిస్తుంది. జకాత్ తీసుకున్నవానికి తెలుస్తుంది. హజ్‌కు వెళ్తే ఊరంతా తెలుస్తుంది. వుజూ ఉందో పోయిందో మాత్రం దాసునికీ అతని ప్రభువుకూ తప్ప మూడోవానికి తెలియదు. బీడీ కట్ట లోపల చిరిగిన ఆకు పెట్టిందో లేదో చుట్టిన చేతికే తెలుసు. చూసేవాళ్ళు లేనిచోట కూడా సరైన ఆకే పెట్టే చేయి ఎలాంటిదో, ఎవరూ చూడకపోయినా లేచి వెళ్ళి వుజూ చేసుకునే మనిషి అలాంటివాడు. రోజుకు అయిదుసార్లు ఈ శిక్షణ పొందినవాడు బజారులో, కచేరీలో, ఇంట్లో కూడా అలాగే ఉండాలి. అలా ఉండకపోతే తన వుజూ తనకు ఏమి నేర్పిందో అతను ఆలోచించుకోవాలి.

ఈసారి మీ పక్కనున్న సోదరుడు ముక్కు పట్టుకొని పంక్తిలో నుండి వెనక్కి నడిస్తే, చోటిచ్చి దారి వదలండి. ఏమీ అడగకండి. ఆ మనిషి పదిమంది చూపులను లెక్కచేయకుండా తన ప్రభువుకు నిజం చెప్పడానికి వెళ్తున్నాడు.

కనిపించే శుభ్రతతో పాటు కనిపించని నిజాయితీని కూడా కాపాడుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.